నవల విన్న మగ్గం

డీఎస్సీలో నెగ్గి, ఆర్డరు చేతికొచ్చి, జేబులో ఎర్ర పెన్నూ నీలం పెన్నూ పక్కపక్కన తగిలించుకుని, రేపో ఎల్లుండో ఏదో ఒక హైస్కూలు గేటు ముందు దిగబోతున్న తెలుగు మాస్టర్లారా, టీచరమ్మలారా! మీకంటే ముందు ఆ గేటు దాటి, గొంతు చిల్లులు పడి, మోకాళ్లు అరిగి, సర్వీసు ఇంకా మిగిలుండగానే స్వచ్ఛందంగా బయటపడినవాణ్ణి నేను. హిందూపురంలో మా ఇంట్లో నేను కుర్చీలోంచి లేస్తే నా మోకాళ్లు చేసే చప్పుడుకు రైల్వే గేటు పడుతోందనుకుని వీధిలో ఆటోలు ఆగిపోతాయి. అందుకే లేవకుండా కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇంక్రిమెంట్లు ఎప్పుడు పడతాయి, బదిలీకి ఎవరిని పట్టుకోవాలి, ఏ ఫోటో ఏ యాప్‌లో ఎక్కించాలి, ఇవన్నీ చెప్పేవాళ్లు మీకు ఊరినిండా దొరుకుతారు. నేను చెప్పేది ఒక్క సంగతి. పదో తరగతి పిల్లల చేత పాత నవల బలవంతంగా చదివించాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్న మిమ్మల్ని స్టాఫ్‌రూములో అడుగుతారు, పెళ్లి భోజనాల్లో అడుగుతారు, బస్సులో సీటు ఇచ్చి మరీ అడుగుతారు. సెల్లు వదలని పిల్లవాడికి తాతల కాలం నాటి లావు పుస్తకం ఇస్తే వాడు దాన్ని సెల్లుకు స్టాండుగా పెట్టుకుంటాడని నవ్వుతారు. నిజమే, పెట్టుకుంటాడు. నేను కళ్లారా చూశాను. చాలా బాగా నిలబడుతుంది కూడా.

అయినా చదివించాలి. బలవంతంగానే చదివించాలి. ఈ మాట నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పేలా చేసింది ఒక లెక్కల మేడం. దాన్ని రుజువు చేసింది ధర్మవరంలో ఒక మగ్గం.

ముందు ఆ నవల సంగతి చెప్పాలి. పాఠ్యపుస్తకానికి తోడుగా నేను పనిచేసిన ప్రతి బడిలోనూ మొదట చదివించింది అదే. పేరు మటుకు రాయను. రాస్తే మీరు ఈ వ్యాసం పక్కన పడేసి సెల్లులో దాని సారాంశం వెతుకుతారు. కథ ఇది. ఒక ఊళ్లో తులశమ్మ అనే అక్క. ఆమె తమ్ముడి మీద గుడి నగల దొంగతనం పడుతుంది. తీసింది ఆమె మొగుడు. ఆ సంగతి లోకంలో తులశమ్మ ఒక్కదానికే తెలుసు. పంచాయితీ కూర్చుంటుంది. ఆమె నోరు విప్పితే సంసారం పోతుంది, విప్పకపోతే తమ్ముడు ఊరిడిచి పోవాలి. ఈ చిన్న విషయం తేల్చడానికి రచయిత నాలుగు వందల పేజీలు తీసుకున్నాడు. అందులో వానను వర్ణించిన పేజీలను పిండితే మడకశిర చేలకు పదేళ్లపాటు కరువుండదు.

హిందూపురంలో ఎద్దు

నా మొదటి పోస్టింగు హిందూపురం. క్లాసులో సగంమంది ఇళ్లలో తెలుగు, సగంమంది ఇళ్లలో కన్నడ, గ్రౌండులోకి దిగితే అందరూ కలిసి ఇంకా పేరు పెట్టని ఒక మూడో భాష. అప్పట్లో నాకు జుట్టూ, గొంతూ, ఆదర్శాలూ అన్నీ ఒత్తుగా ఉండేవి. పిల్లలు కష్టపడకూడదని ఆ నాలుగు వందల పేజీలను పిండి, ఆరబెట్టి, నాలుగు పేజీల నోట్సు చేసి పంచాను. తులశమ్మ గుణగణాలు, తమ్ముడి గుణగణాలు, రచయిత శైలి. అమ్మయ్య, నవల అయిపోయింది.

పరీక్ష పెట్టాను. అందరిదీ ఒకటే జవాబు. పేపర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఎండలోకి ఎత్తితే అక్షరం మీద అక్షరం సరిగ్గా కూర్చునేది. తులశమ్మకు ఓర్పు, సహనం, త్యాగం. ఒకడు ఊపు మీద పక్క సబ్జెక్టు కూడా కలిపేసి ఆమెకు జట్టు స్ఫూర్తి, వ్యక్తిగత పరిశుభ్రత కూడా అంటగట్టాడు.

ఒక్క పేపరు వేరుగా ఉంది. అది మడకశిర వైపు నుంచి బస్సులో వచ్చే హనుమంతరాయుడిది. నవలలో నీకు నచ్చిన పాత్ర గురించి రాయమంటే వాడు తమ్ముడి ఎద్దు గురించి రెండు పేజీలు రాశాడు. నా నోట్సులో ఎద్దు తోక కూడా లేదు. పిలిచి అడిగాను.

"ఈ ఎద్దు యాడ దొరికిందిరా నీకు?"

"బుక్కులో ఉండాది కదా సార్. తమ్మున్ని పంచాయితీకి పట్టుకపోతాంటే కట్టు తెంపుకొని ఎంట పోతాది. రచ్చకట్ట కాడ తోలేస్తారు. అది మళ్లా యాడికి పాయెనో ఆయప్ప రాయలేదు సార్. మీకు తెలుసా?"

నాకు తెలియదు. తలకాయ గోక్కుని, "నువ్వు బుక్కంతా చదివినావా?" అన్నాను.

"చదవకుంటే ఎట్ల సార్? మీరిచ్చిన నోట్సు బస్సులో పోగొట్టుకున్యా."

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. నోట్సు భద్రంగా దాచుకున్న పిల్లలకు నవల అందలేదు, పోగొట్టుకున్నవాడికి అందింది. ఆ ఏడాది నుంచి నేను నోట్సు రాయడం మానేశాను. మీరూ మొదలుపెట్టకండి. సారాంశం చెప్పడమంటే భోజనానికి పిలిచి, వంట ఎలా ఉందో వివరించి పంపేయడం.

పెనుకొండలో రుక్మిణమ్మ మేడం

నోట్సు మానేశాను సరే, మరి చదివించడం ఎలా? అది నాకు పెనుకొండలో హెడ్మాస్టరుగా ఉన్న రుక్మిణమ్మ మేడం నేర్పారు. ఆమె లెక్కల మనిషి. ఎత్తుకు ఎత్తు, వెడల్పుకు వెడల్పు. కొండ మీద కోట కట్టించిన రాజులు ఆమెను ముందే చూసి ఉంటే గుమ్మాలు ఇంకో మూర పెంచి కట్టేవాళ్లు. ఆమె వరండాలో నిలబడితే మూడు క్లాసులకు నీడ. బజారులో దొరికే ఏ చీరా ఆమెకు సరిపోయేది కాదు. కుచ్చిళ్లకు చాలితే కొంగుకు చాలదు, కొంగుకు చాలితే కుచ్చిళ్లకు చాలదు. "నేసేవాళ్లకు నా మీద ఏం కోపమో సార్" అని ఆమే ముందుగా నవ్వేవారు. ఆమె నవ్వితే బస్టాండులో బస్సు బయల్దేరుతోందని జనం పరిగెత్తేవాళ్లు.

నేను చేరిన మొదటి వారమే పిలిపించి, "టైంటేబుల్లో ఈ నవల పీరియడ్ ఏంది సార్?" అని అడిగారు. సాహిత్యం, సంస్కారం, సహృదయత అని నేను ఎత్తుకున్నాను. ఆమె చెయ్యెత్తి ఆపారు. "అదంతా వద్దు. నాకొక పుస్తకం ఇచ్చిపోండి."

ఇచ్చాను. తిరిగి రాదనుకున్నాను. ఆ వారాంతం గడిచాక ఆమె కళ్లు వాచిపోయి వచ్చారు. "ఆ తులశమ్మ మొగుడు నా క్లాసులో చదివుంటే వాని కథ వేరేగా ఉండేది సార్" అన్నారు. ఆ మధ్యాహ్నం నా పీరియడులో వెనక బెంచీలో వచ్చి కూర్చున్నారు. ఆ బెంచీ ఇప్పటికీ నడుము వంచుకునే ఉంటుందని విన్నాను.

తరువాత ఆమె చేసిన ఏర్పాటు మీరు జాగ్రత్తగా వినాలి. పాత విద్యార్థుల వెంటపడి పుస్తకాలు కొనిపించారు. సారాంశం ఎక్కడా వినపడకూడదన్నారు. రాబోయే కథ ముందే బయటపెట్టినవాళ్లకు గ్రౌండులో గడ్డి పీకే శిక్ష. అన్నిటికంటే ముఖ్యమైనది, రోజూ చదవాల్సిన భాగం ఇంట్లో ఎవరో ఒకరికి వినపడేట్టు పైకి చదవాలి.

"పైకెందుకు మేడం? పెద్ద పిల్లలు, మనసులో చదువుకుంటారు కదా" అన్నాను.

"లెక్క చూసి రాసినోణ్ణి నేను పట్టుకుంటా. మనసులో చదివినానని చెప్పేవాణ్ణి మీరెట్ల పట్టుకుంటారు? నోరు కదలల్ల. ఇంట్లో ఎవరన్నా వినల్ల. విన్నోళ్లు ఏదో ఒక రోజు మన దగ్గరికి వస్తారు, చూస్తా ఉండండి."

"బలవంతం అవుతుందేమో మేడం."

"ఎక్కాలు నేను బతిమాలి నేర్పించినానా సార్?"

పదిహేనేళ్ల వయసుకు మనకేం ఇష్టమో మనకు తెలుసునని అనుకుంటాం గానీ, తెలిసేది అప్పటిదాకా రుచి చూసినవాటి సంగతే. రుచి చూడనిదాన్ని ఎవరో ఒకరు నోట్లో పెట్టాలి. నచ్చకపోతే ఉమ్మేసే హక్కు పిల్లలకు ఉంది. ఆ హక్కునూ ఆమె కాదనలేదు. పెనుకొండలో ఒక పిల్లవాడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ నవలను తిట్టుకుంటూనే చదివాడు. ఇప్పుడు బస్సు కండక్టరు. నేను కనపడితే టికెట్ కొట్టే లోపల ఆ వానల పేజీలు గుర్తుచేసి నన్ను తిడతాడు. ఒకప్పుడు నాలుగు ముక్కల్లో తిట్టేవాడు, ఇప్పుడు సమాసాలు కలిపి తిడుతున్నాడు. అదీ నా ఖాతాలోనే వేసుకున్నాను.

ధర్మవరం వీధుల్లో

మేడం గారు ధర్మవరం బదిలీ అయ్యారు. కొన్నాళ్లకు నేనూ వెళ్లి పడ్డాను. ధర్మవరంలో బడి ఉన్న పేటంతా పట్టుచీరల మగ్గాలే. ఇంటిలోపల గుంత, గుంతలో కాళ్లు పెట్టి నేతగాడు, దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె, పక్కన ఇంకో మనిషి, పొద్దస్తమానం టకా టకా చప్పుడు. ఆ ఊళ్లో పైకి చదవడమంటే మామూలు సంగతా? మగ్గం చప్పుడును దాటి అక్షరం వినపడాలి. ఒక్క టర్ములో పిల్లల గొంతులు ఎట్లా తయారయ్యాయంటే, అసెంబ్లీలో ప్రార్థన మొదలైతే రైల్వేస్టేషన్లో అనౌన్సుమెంటు ఆగిపోయేది. కామా వస్తే మగ్గం ఒక దెబ్బ, చుక్క వస్తే రెండు దెబ్బలు. సాయంత్రం ఆ వీధిలో నడిస్తే మొదటింట్లో తులశమ్మ పుట్టేది, మలుపు తిరిగేసరికి పెళ్లయ్యేది, వీధి చివరికొచ్చేసరికి వాన మొదలయ్యేది.

రేవతి ఆ వీధి పిల్లే. చదువులో నెమ్మది, మాట్లాడటంలో ఇంకా నెమ్మది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనే మాటలో సగం లోపలే ఉండిపోయేది. అలాంటి పిల్ల ఇంట్లో వాళ్ల నాయన నారాయణప్ప మగ్గం పక్కన కూర్చుని, చప్పుడు మీదుగా నవల చదువుతోందని విని నేను ఒకసారి వాళ్ల కిటికీ కింద నిలబడ్డాను. నమ్మండి, ఆ గొంతు నాకు తెలియని గొంతు. తులశమ్మ అత్తను చదివేటప్పుడు నాకే భయమేసింది.

లోపలి నుంచి నారాయణప్ప అవ్వ, అంటే వాళ్లింట్లో అందరికంటే పెద్దావిడ, "నిలుపే పాపా, నిలుపు. ఆ అత్తను తిట్టుకొని వస్తా ఉండు" అంటోంది. నేను నవ్వు ఆపుకుని వచ్చేశాను.

పొడుగు చీర

పరీక్షలు దగ్గరపడుతున్న రోజులు. ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసులకు వెళ్తుండగా నారాయణప్ప భుజాన మూటతో హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. వెనకాల తలవంచుకుని రేవతి. ఏదో గొడవని నేనూ లోపలికి దూరాను.

ఆయన మూట విప్పాడు. ఎర్రటి చీర, చిలకపచ్చ అంచు. విప్పుతున్నాడు, విప్పుతూనే ఉన్నాడు. టేబుల్ నిండింది, గ్లోబు మునిగింది, కుర్చీలు మునిగాయి, నా భుజాల మీదుగా ఒక మెలిక తిరిగి గుమ్మం దాటి వరండాలోకి వెళ్లింది. ఇంకాసేపు విప్పితే దాన్ని పట్టుకుని నడుస్తూ నేను పెనుకొండ చేరేవాణ్ణి.

"ఏమప్పా ఇది?" అన్నారు మేడం.

"చీరమ్మా."

"చీరని తెలుస్తాండాది. ఇంత పొడుగేంది?"

"నన్నడిగితే ఏం లాభం? మీ తులశమ్మనడగండి."

సంగతి ఇది. చీరలో ఒళ్లు నేసి, గుర్తు పెట్టుకున్న చోటికి రాగానే కొంగు మొదలుపెట్టాలి. ధర్మవరంలో నేత నేర్చుకునే పిల్లలకు కూడా తెలిసిన విషయం. నారాయణప్ప పుట్టి బుద్ధెరిగాక గుర్తు తప్పలేదు.

"మొన్న పొద్దు మునిగేటప్పుడు ఈ పాప పంచాయితీ కాడికి వచ్చెనమ్మా" అన్నాడు. "ఊరంతా కూర్చున్యారు. తమ్మున్ని నడిమధ్యన నిలబెట్టినారు. ఆయమ్మ లేసె. ఇప్పుడు చెప్తాది, ఇప్పుడు చెప్తాది అని నేను నేస్తానే ఉంటి. కొంగు గుర్తు యాడ దాటిపాయెనో నాకు తెలీలే. ఈ పొద్దుకు ఇంతే అని పాప పుస్తకం మూసె. లేసి చూద్దును గదా, కొంగు ల్యాకుండా ఒళ్లే పోతా ఉండాది, పోతా ఉండాది!"

అప్పటికప్పుడు కొంగు వేసి చీర ముగించాడు. కానీ మగ్గానికి నిలువునా ఎక్కించిన ఒకే పడుగు దారాల మీద వరసగా చీరలు నేస్తారు కాబట్టి, ఇందులో సాగిన పొడుగు చివరి చీరలో తరుగుతుంది. పడుగు ఇచ్చిన సావుకారి రెండిటినీ మొహాన కొడతాడు.

"ఆ పొద్దే పుస్తకం మూయించినా. నా పెండ్లానికి భుజం పట్టేసి మగ్గం కాడ కూర్చోల్యాకుండా ఉండాది. పది అయిపోనీలే అని ఈ పాపను ఇన్నాళ్లూ పంపిస్తి. ఇంక పంపను. రేపట్నించి నా పక్కన కూర్చుంటాది."

ఒక నవల ఒక పిల్ల చదువు మింగేస్తోంది. "మేడం, నవల ఆపేద్దాం" అని గుసగుసగా అన్నాను. నా గుసగుస పక్క క్లాసుకు కూడా వినపడింది గానీ మేడం వినిపించుకోలేదు.

"నారాయణప్పా, ఇంకెంత? పరీక్షలు ముంగిట్లోకి వచ్చినాయి. ఈ పిల్ల గట్టెక్కే పిల్ల."

"గట్టెక్కి నా మగ్గమెక్కేదే కదమ్మా. కొన్నాళ్లు ముందు ఎక్కుతాది."

మేడం బతిమాలారు, కోప్పడ్డారు. ఆయన కదల్లేదు. చివరికి ఆమె చెయ్యి చాపారు. "అట్లయితే పుస్తకం ఈడ పెట్టిపొమ్మను. అది బడి పిల్లలది."

రేవతి సంచీలోంచి పుస్తకం తీసి, ఒకసారి తడిమి, టేబుల్ మీద పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. అటు నాయనను చూడలేదు, ఇటు మమ్మల్ని చూడలేదు. తులశమ్మ కూడా నాలుగు వందల పేజీల్లో ఎక్కువ భాగం అట్లాగే నిలబడి ఉంటుంది.

నారాయణప్ప చీరను మడతపెట్టి గుమ్మం దాకా వెళ్లాడు. వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అదిసరేగానీ... ఆయమ్మ చెప్పిందా, ల్యాదా?"

నేను నోరు తెరిచాను. మేడం కాలు నా కాలి మీద పడింది. నా మోకాళ్ల జబ్బు ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగితే ఆ రోజే చెప్పాను.

"బడి పిల్లలకే చెప్తాం" అన్నారు మేడం.

"వద్దులే! నాకేం పని ల్యాకనా?" అని ఆయన విసురుగా వెళ్లిపోయాడు. రేవతి వెనకాలే వెళ్లింది.

అంత మనిషీ కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీ మూలుగు నాకింకా గుర్తుంది. "తెగేదాకా లాగితినేమో సార్" అన్నారు. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మూడు ముగింపులు

రేవతి చోటు ఖాళీగా ఉంది. మేడం రోజూ ఉదయం నా క్లాసు కిటికీ ముందు ఆగి ఆ బెంచీని చూసి వెళ్లేవారు. ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చారు కూడా. మంచినీళ్లిచ్చి, మర్యాద చేసి, మాట మాత్రం మార్చలేదట నారాయణప్ప.

ఆయన్ను కదిలించింది ఆ వీధే. మిగతా ఇళ్లలో చదువు ఆగలేదు కదా! పంచాయితీ అధ్యాయం వీధి పొడుగునా దాటిపోయింది. ఒక్క నారాయణప్ప ఇంటి ముందే ఆగిపోయింది. ఆయన పక్కింటి మగ్గం దగ్గరికి వెళ్లి, పేక దారం అడిగినట్టు అడిగి, మాటల్లో మాటగా, "ఆ కథ ఏమాయెనబ్బా?" అన్నాడు. పక్కింటాయన ఎంత గడుసువాడంటే, కళ్లు తుడుచుకుంటూ, "ఏం చెప్పేది నారాయణా, ఆయమ్మ నోరు తెరవకుండానే బావిలో పడె" అన్నాడు. నారాయణప్ప ఆ పూట అన్నం తినలేదట. మర్నాడు ఎదురింట్లో అడిగితే, "ఎవురు చెప్పినారు? మొగుడే తప్పు ఒప్పుకొని సన్యాసుల్లో కలిసె" అన్నారు. వీధి చివర అడిగితే, "అదేం కాదు, ఎద్దు వచ్చి సాక్ష్యం చెప్పె" అన్నారు.

ఇదంతా మాకు చెప్పి క్లాసులో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మేడం నవ్వలేదు. "ఆయప్ప నిద్రపోతాండాడో లేదో" అన్నారంతే.

వారం తిరక్కముందే నారాయణప్ప గేటు దగ్గర కనపడ్డాడు. పక్కన సంచీ తగిలించుకుని రేవతి.

"తీసుకోండి మీ పిల్లను. పుస్తకమియ్యండి. పంచాయితీ అయ్యేదాకే. మళ్లా నన్నడగొద్దు."

మేడం పుస్తకం తెచ్చి ఆయన చేతికివ్వలేదు. రేవతి చేతికిచ్చారు.

పంచాయితీ

ఆ సాయంత్రం జరిగింది నేను చూడలేదు. రెండు రోజుల తర్వాత నారాయణప్పే వచ్చి స్టాఫ్‌రూములో నాకూ మేడంకూ చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు. ఈ ఒక్క చోట పెంచబుద్ధి కాలేదు.

"నాడె పక్కన పెట్టేస్తి సార్. కాళ్లు గుంతలోంచి తీసి, చేతులు కట్టుకొని కూర్చున్యా. మళ్లా పొడుగు పోతే సావుకారి నన్నే మడత పెడతాడు. పాప చదివె. ఆయమ్మ చెప్పేసె సార్! అందరి ముందర, మొగున్ని చూపించి, ఈయప్పే తీసినాడు అని చెప్పేసె. మా అవ్వ ఏడిసె. నా పెండ్లాం ఏడిసె. నేనైతే శభాష్ అని తొడ గొట్టినా."

టవలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అప్పుడు పాప పుస్తకం మూసె. నాయనా, నేను గూడా ఒక మాట చెప్పల్ల అనె. ఏందే అంటి. నేను పరీక్షలు రాస్తా, కాలేజీకి పోతా, పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి నీ పక్కన కూర్చుంటా, నడుమ మటుకు నన్ను పిలవొద్దు అనె. ఎప్పుడన్నా అంత మాట్లాడిందా సార్ ఆ పిల్ల? ఎవురు నేర్పినారే నీకీ మాటలు అని నేను అరిస్తి. మా అవ్వ ఏమనిందో తెల్సా? ఎవురు నేర్పేదేందిరా, ఇంతసేపూ నువ్వు విన్యావు కదా, ఆ పిల్ల గూడా వినింది అనె."

"నువ్వేమంటివి?" అని అడిగారు మేడం. టేబుల్ అంచు పట్టుకుని అడిగారు.

"ఏమందునమ్మా? అప్పుడే కదా తులశమ్మను శభాష్ అంటి. అదే నోటితో నా కూతుర్ని నోరు ముయ్యమని ఎట్ల అందును?"



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నవల వల్ల పిల్లలకు ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ ఒక పెద్ద మాట తయారుగా పెట్టుకోలేదు. ఏ పేజీ ఏ పిల్లకు ఎప్పుడు పనికొస్తుందో రాసినాయనకూ తెలియదు, చెప్పే మాస్టరుకూ తెలియదు. హనుమంతరాయుడికి ఎద్దు దక్కింది, కండక్టరుకు తిట్లు దక్కాయి, రేవతికి గొంతు దక్కింది. అందుకే అన్ని పేజీలూ చదివించాలి. వానలతో సహా.

కుచ్చిళ్లకూ కొంగుకూ

మిగిలింది చీర. సావుకారి దాన్ని ముట్టుకోనన్నాడట. "ఇంత పొడుగు చీర కట్టే ఆడమనిషి ఈ జిల్లాలో యాడుండాది?" అని ఎగతాళి చేశాడట. నారాయణప్ప ఆ మాట మా ముందే చెప్పి, చెప్పాక మేడం గారిని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, నాలుక కరుచుకున్నాడు. మేడం నవ్వారు. ఆ నవ్వుకు ధర్మవరం స్టేషన్లో ఆగాల్సిన రైలొకటి ఆగకుండా వెళ్లిపోయిందని నా అనుమానం. చీర ఆమే తీసుకున్నారు. ధర దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆయన తగ్గిస్తానంటాడు, ఆమె ఒప్పుకోరు. పొట్టి పడిన చివరి చీరను కుట్టిస్తే రేవతికి పట్టులంగా అయింది.

పదో తరగతి వీడ్కోలు సభ రోజు రుక్మిణమ్మ మేడం ఆ ఎర్రచీర కట్టుకొచ్చారు. నేను ఆమెను చూసిన ఇన్నేళ్లలో మొదటిసారి కుచ్చిళ్లకూ చాలి, కొంగుకూ చాలి, కొంగు భుజం మీదుగా మోకాలి దాకా హాయిగా జారింది. గుమ్మంలో ఆమె నిలబడితే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఆమెకు తెలుసు, అయినా తెలియనట్టు "కూర్చోండి, కూర్చోండి" అని గదమాయించారు.

తల్లిదండ్రుల వరసలో కూర్చున్న నారాయణప్ప నన్ను మోచేత్తో పొడిచాడు.

"సార్, ఆ కొంగు కింద, భుజం దగ్గర్నించి వస్తా ఉండాదే, ఆ మూర పొడుగునా పంచాయితీనే. నేను చూస్తానే చెప్తా. ఇదో ఈడ ఆయమ్మ లేసె."

నేను చూశాను. ఎర్రటి పట్టు తప్ప నాకేమీ కనపడలేదు. ఆయనకు మాత్రం మొత్తం ఊరు కూర్చుని ఉన్నట్టుంది.

రేవతి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మగ్గం దగ్గర కూర్చుంటుందని, నడుమ ఎవరూ పిలవరని విన్నాను. ఆ వీడ్కోలు సభ అయ్యాక నారాయణప్ప అందరూ పోయేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగిన మాటతో ముగిస్తాను.

"వచ్చే ఏడు ఏం నవల పెడతాండారు సార్? నా చిన్నపాప గూడా మీ కాడికే వస్తాది."

"ఇంకా అనుకోలేదప్పా."

"కొంచెం నిదానంగా పోయేది చూడండి సార్. వానలు, కొండలు, అట్లాంటివి దండిగా ఉండల్ల. పంచాయితీలు మటుకు వద్దు. కొత్త పడుగు ఎక్కిస్తాండా."